కదలని సైకిలు చెప్పిన లెక్క

పంచదార మిల్లులో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను గానీ, మరుగుతున్న చెరకు రసాన్ని దగ్గరగా చూసిన రోజులు రెండు చేతుల వేళ్ళకి మించవు. నాది ఇన్‌స్ట్రుమెంట్ విభాగం. రసం ఎంత వేడిగా ఉందో, పైపులో ఎంత జోరుగా పోతోందో, ఏ తొట్టి ఎంతవరకు నిండిందో అన్నీ ప్యానెల్ గదిలో కూర్చున్న నా దగ్గరికి అంకెలుగా వచ్చేవి. అద్దాల తలుపు, చల్లగా ఏసీ, గోడ పొడుగునా మీటర్లు. గంటగంటకీ వాటిని రిజిస్టర్లో ఎక్కించేవాణ్ణి. ఇంటికొచ్చాక ముఖ్యమైనవి నా సొంత డైరీలోకి ఎక్కించేవాణ్ణి. కింద మిషన్ల దగ్గర చెమటోడ్చేవాళ్ళు మమ్మల్ని "అద్దాల గది బాబులు" అనేవారు. అది మర్యాద అనుకున్నాను. వెక్కిరింత అని రిటైరయ్యాక గానీ తట్టలేదు.

మీటర్లు, సెన్సర్లు, కంప్యూటర్లు అంటూ ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకి చెప్పదగ్గ సంగతి మిల్లులో నాకేమీ జరగలేదు. అక్కడ తప్పు చేస్తే సైరన్ మోగేది, నలుగురు పరిగెత్తుకొచ్చేవారు, సాయంత్రానికి సర్దుకునేది. నేను చెప్పబోయేది రిటైరయ్యాక మా చోడవరంలోనే ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో చేసిన చిన్న ఉద్యోగం గురించి. అక్కడ సైరన్ లేదు. మోగాల్సిన సమయంలో మోగడానికి నేనొక్కణ్ణే ఉన్నాను. నేను మోగలేదు.

ఆ క్లినిక్ మా మిల్లు సహోద్యోగి కూతురిది. విశాఖపట్నంలో చదువుకొని వచ్చి, బస్టాండుకి దగ్గర్లో ఒక మేడ మీద పెట్టింది. అందరూ డాక్టరమ్మ అనేవారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి మేడ మీద క్లినిక్ ఏమిటమ్మా అని మొదటిరోజే అడిగాను.

"అద్దె తక్కువ అంకుల్. పైగా ఎక్కి రాగలిగారంటే సగం ట్రీట్‌మెంట్ అయిపోయినట్టే" అంది.

నా పని రిజిస్టర్లు రాయడం, కరెంటు పరికరాలు చూసుకోవడం. నాతోపాటు ఒక ఆయమ్మ. బుచ్చయ్యపేట నుంచి రోజూ మొదటి బస్సుకి వచ్చి ఊడ్చి, తుడిచి, రోగుల్ని చెయ్యిపట్టి మెట్లెక్కించేది. ముగ్గురం అంతే సిబ్బంది.

క్లినిక్‌లో ఒక వ్యాయామం సైకిలు ఉండేది. విశాఖలో మూసేసిన ఏదో జిమ్ నుంచి డాక్టరమ్మ పాతసామాను ధరకి తెచ్చింది. ఎంత తొక్కినా ఎక్కడికీ వెళ్ళని సైకిలు. దాని ముందున్న మీటరు చచ్చిపోయి ఉంది. "ఎవరు ఎన్ని చుట్లు తొక్కారో కంప్యూటర్లోకి వచ్చేలా చెయ్యగలరా అంకుల్? వారం వారం గ్రాఫ్ చూపిస్తే పేషెంట్లకి ఉత్సాహంగా ఉంటుంది" అని అడిగింది. నాకు పాతికేళ్ళ ప్రాయం తిరిగొచ్చినట్టయింది.

పక్క మూత విప్పి చూశాను. మీటరు పోయింది గానీ సెన్సర్ బతికే ఉంది. సెన్సర్ అంటే పెద్దమాట. సన్నని గాజుగొట్టంలో రెండు చిన్న రేకులు. పెడల్‌తో పాటు తిరిగే పెద్ద ఇనప చక్రం అంచున ఒక అయస్కాంతం బిగించి ఉంటుంది. అది దగ్గరికి రాగానే రేకులు రెండూ అతుక్కుంటాయి, దాటిపోగానే విడిపోతాయి. చుట్టుకి ఒకసారి. అంటే ఒక స్విచ్చిని ఎవరో చుట్టుకొకసారి నొక్కి వదిలినట్టే. కంప్యూటర్‌కి నొక్కడం, వదలడం బాగా తెలిసిన వస్తువు మౌసు. ఒక పాత మౌసు విప్పి, ఎడమ బటన్ కాళ్ళకి సెన్సర్ వైర్లు రెండూ టంకం పెట్టాను. చక్రం ఒక చుట్టు తిరిగితే కంప్యూటర్‌కి ఒక క్లిక్కు. వాటిని లెక్కపెట్టే ప్రోగ్రాం నేనే పుస్తకం చూసి రాసుకున్నాను.

ఒక చిక్కు వచ్చింది. రేకులు అతుక్కునేటప్పుడు సన్నగా వణుకుతాయి. దాంతో ఒక్క చుట్టుకి రెండు మూడు క్లిక్కులు పడేవి. ఇది ఈ పనిలో అందరికీ తెలిసిన జబ్బే, మందూ ఉంది. ఒక క్లిక్కు పడ్డాక కాసేపటిదాకా ఇంకేం వచ్చినా పట్టించుకోవద్దని ప్రోగ్రాంకి చెప్పాలి. రెప్పపాటులో వందో వంతు చాలు. నాకు మిల్లు అలవాటు. గట్టిగా ఉండాలని సెకనులో మూడో వంతు పెట్టాను. ఈ "మూడో వంతు" మాట గుర్తుంచుకోండి.

కంప్యూటర్‌ని హాల్లో పెట్టమంది డాక్టరమ్మ. దుమ్ము పడుతుందన్నాను. చెక్క పార్టిషన్‌కి అవతల ఉన్న చిన్న గదిలో పెట్టించి, చెక్కకి కన్నం వేసి వైరు అందులోంచి లాగాను. గదికి తలుపు ఉంది, ఫ్యాను ఉంది. సైకిలు తొక్కేవాళ్ళు కనిపించరు. నేను ఎక్కడికెళ్ళినా అద్దాల గది కట్టుకుంటానని ఇప్పుడు అర్థమవుతోంది. ఈసారి అద్దం కూడా లేదు.

పని పూర్తయ్యేసరికి దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు క్లినిక్‌లో ఉన్న యంత్రాలన్నిటికీ ఆయమ్మ పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, నిమ్మకాయలు కట్టింది. సైకిలు మూత అప్పటికి ఇంకా బిగించలేదు. లోపలి చక్రానికి కూడా బొట్టు పెడతానంది. సెన్సర్ దగ్గరికి మాత్రం పోవద్దని చెప్పి, నేను కొబ్బరికాయ కొట్టడానికి వెళ్ళాను. మర్నాడు మూత బిగించేశాను.

ఆ తర్వాత రోజూ ఉదయం, రోగులు రాకముందు, నేనే ఎక్కి వంద చుట్లు తొక్కేవాణ్ణి. నోటితో లెక్క. నిమిషంన్నర కూడా పట్టేది కాదు, కాళ్ళల్లో అప్పటికి జోరుండేది. లోపలికి వెళ్ళి చూస్తే తెర మీద వంద. కొన్ని రోజులు నూటొకటి, నూటరెండు. మొదలుపెట్టేటప్పటి తడబాటు అని వదిలేసేవాణ్ణి. మిల్లులో నూటికి రెండు తేడా అంటే ఎవరూ తలెత్తి చూడరు. "సైకిలు సరిచూడబడినది" అని డైరీలో రాసేవాణ్ణి. ఆ వాక్యం నా డైరీలో వరసగా ఏడు వారాలు ఉంది.

ఇక రోగులు. మొదటగా చెప్పాల్సింది చీడికాడ నుంచి వచ్చే మామ్మ గురించి. నాకంటే ఆరేళ్ళే పెద్ద. క్లినిక్‌లో అందరూ మామ్మా అంటుంటే నేనూ అలాగే పిలిచాను. "ఏటి తాతా" అని ఆవిడ బదులు తీర్చుకుంది. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. సైకిలెక్కడానికే ఆయమ్మ సాయం కావాలి. అయినా పది నిమిషాల్లో ఎనిమిది వందల చుట్లు. నేను ఆశ్చర్యపోయాను.

రెండోవాడు ఒక లైన్‌మన్. నలభై దాటినవాడు. వడ్డాది చుట్టుపక్కల కరెంటు స్తంభాలన్నీ అతని చేతిమీదే నడిచేవి. ఇరవయ్యేళ్ళు స్తంభాలెక్కి ఏ దెబ్బా తగలనివాడు ఇంట్లో నూతిగట్టు దగ్గర జారిపడి మోకాలిచిప్ప విరగ్గొట్టుకున్నాడు. విశాఖలో ఆపరేషనయింది. సెలవు అయిపోవస్తోంది. కాలు స్తంభమెక్కడానికి పనికొస్తుందని క్లినిక్ నుంచి ఉత్తరం, దానితోపాటు వ్యాయామం రికార్డు తెమ్మని అతని ఆఫీసరు చెప్పాడు. తేలేకపోతే సబ్‌స్టేషన్‌లో కూర్చోబెట్టి రీడింగులు రాయించే పని. ఒకసారి ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి మళ్ళీ స్తంభమెక్కించరట.

"కుర్సీ అంటే నాకు బయ్యం బాబూ. గంటకోపాలి అంకె రాసుకుంటా కూకుంటే మనిసి బతికున్నట్టా? పైనుంటే ఊరంతా కనబడద్ది" అన్నాడు మొదటిరోజే.

గంటకొకసారి అంకె రాసుకుంటూ ముప్పై నాలుగేళ్ళు బతికిన మనిషితో అంటున్నానని అతనికి తెలియదు. నాకది కొంచెం గుచ్చుకుంది. తర్వాత నేను చేసినదానిలో ఆ గుచ్చుకోవడం వాటా ఎంతో ఇప్పటికీ తూచలేను. ఉందని మాత్రం ఒప్పుకుంటాను.

మొదటివారం అతనికి పది నిమిషాలకి ఏడు వందలు వచ్చాయి. రెండోవారం ఎనిమిది వందల యాభై. నాలుగోవారానికి వెయ్యి దాటాడు. గ్రాఫ్ గీసి చూపిస్తే డాక్టరమ్మ సంబరపడింది. ఐదోవారం ఒక్కసారిగా పడిపోయింది. ఆరు వందల యాభై. మర్నాడు ఆరు వందల నలభై. ఆ తర్వాత ఆరు వందల అరవై.

"కాలు బాగానే వంగుతోంది అంకుల్, కండ కూడా పట్టింది. మరి ఇదేమిటి?" అంది డాక్టరమ్మ.

"శ్రద్ధ తగ్గిందమ్మా" అన్నాను.

నా దగ్గర అప్పటికే ఒక సిద్ధాంతం ఉంది. బక్కగా, నొప్పితో ఉన్నవాళ్ళకి ఎక్కువ చుట్లు వస్తున్నాయి. దిట్టంగా ఉన్నవాళ్ళకి తక్కువ. దీన్ని రెండు వారాలు గమనించి, "నొప్పి ఉన్నవారికే పట్టుదల ఉంటుంది. నొప్పి తగ్గగానే మనిషి బద్ధకిస్తాడు" అని డైరీలో రాసి కింద గీత గీశాను. తెలివైన మాట రాశాననిపించి మా ఆవిడకి చదివి వినిపించాను కూడా. "మీరు ఎప్పుడైనా తలుపు తీసి చూశారా?" అంది ఆవిడ. కూర మాడుతోందేమో చూసుకోమన్నాను.

అంతటితో ఆగితే బాగుండేది. మిల్లులో మాకు ఒక పద్ధతి ఉండేది. ప్రతి సోమవారం నోటీసుబోర్డు మీద ఏ విభాగం ముందుందో, ఏది వెనకబడిందో పెట్టేవారం. క్లినిక్ హాల్లో కూడా ఒక బోర్డు పెట్టించి, రెండు గళ్ళు గీశాను. ఒకటి "శ్రద్ధ పెరిగినవారు". రెండోది "శ్రద్ధ తగ్గినవారు". మొదటి గడిలో మామ్మ. రెండో గడిలో లైన్‌మన్, మొదటి పేరు. నాలుగు పిన్నులు కొట్టి కాయితం గోడకి నిలబెట్టాను.

అతనది చూసి నవ్వాడు మొదట. హాల్లో పదిమంది ఉన్నారు.

"ఏటి బాబూ, నేను తగ్గేనా? ముందు కంటే జోరుగా తొక్కతన్నానే!"

"జోరుగా తొక్కితే అంకె పెరగాలి కదా" అన్నాను.

"అంకె సంగతి నాకు తెల్దు. కాలు సంగతి నాకు తెలుసు."

"నీ కాలు బాగుపడింది. నీ బుద్ధే బాగుపడలేదు. ఆ మామ్మని చూసి నేర్చుకో" అన్నాను.

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మామ్మ మాత్రం నవ్వలేదు. "నన్ను సూసి నేర్సుకోడానికేటుంది తాతా, నేను ఇటు నుంచి అటు తిప్పేసరికి తెల్లారిపోతంది" అంది. వినయం అనుకున్నాను.

అతను సైకిలెక్కి పది నిమిషాలు తొక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజు అంకె ఆరు వందల డెబ్భై. డైరీలో రాశాను: "మందలింపు పనిచేసింది. పది పెరిగినవి."

ఆ బోర్డు చదివినవాళ్ళలో లైన్‌మన్ ఆఫీసులో పనిచేసే అతనొకడు ఉన్నాడు. నడుంనొప్పికి వచ్చేవాడు. వారం తిరక్కుండా మాట ఆఫీసరుకి చేరింది. క్లినిక్ వాళ్ళే గోడ మీద రాశారు, కాలు దిగజారుతోందట, లేకపోతే పని తప్పించుకోడానికి నాటకమాడుతున్నాడట. రెండిట్లో ఏదైనా కుర్చీయే గతి. వచ్చే సోమవారం సబ్‌స్టేషన్‌లో చేరమని ఆఫీసరు చెప్పేశాడు. స్తంభాల పని వేరేవాడికి ఇస్తున్నారు.

శుక్రవారం పొద్దున్నే లైన్‌మన్ మెట్లెక్కి వచ్చాడు. నేరుగా బోర్డు దగ్గరికెళ్ళి కాయితం పీకి, చేత్తో పట్టుకొని నా గది తలుపు తోశాడు.

"ఇది మీరు రాసిందేనా బాబూ?"

"నేను రాయలేదు. కంప్యూటర్ లెక్క అది."

"కంప్యూటర్‌కి సేతుల్లేవు కదా. గోడకి పిన్నులు ఎవులు కొట్టేరు?"

బల్ల మీదున్న పిన్నుల డబ్బాని సొరుగులోకి తోశాను.

"ఊళ్ళో నన్ను పనిదొంగ అంటన్నారు. మా ఆడది కూడా అడుగుతంది, నిజంగా తొక్కతన్నావా, సైకిలెక్కి కూకుంటన్నావా అని. సోమవారం కుర్సీలో కూకోమన్నారు. ఒక్కమాట సెప్పండి. ఏడు వారాల్నించి తొక్కతన్నాను, మీరు ఒక్కపాలి బయటికొచ్చి సూసేరా?"

"చూడక్కర్లేదు. రోజూ సరిచూస్తున్నాను" అని డైరీ తీశాను.

"ఆ పుస్తకం మూసి, మీరు రండి" అన్నాడు.

గొడవ విని డాక్టరమ్మ వచ్చింది. "పోనీ ఒకసారి చూడండి అంకుల్, ఆయనకీ తృప్తిగా ఉంటుంది" అంది. సరే అన్నాను. పద్ధతి నేనే చెప్పాను. అతను తొక్కుతాడు. ఊపందుకున్నాక నేను గడియారం చూసి "మొదలు" అంటాను, నిమిషం నోటితో లెక్కపెట్టి "ఆపు" అంటాను. లోపల డాక్టరమ్మ తెర మీది అంకె మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి రాసుకుంటుంది.

అతను తొక్కాడు. హాలంతా చూస్తోంది. నేను పైకే లెక్కపెట్టాను. అరవై ఆరు.

"ఎంతమ్మా?" అని అరిచాను.

"సిక్స్టీ సిక్స్ అంకుల్!"

అందరి వంకా ఒకసారి చూశాను. గెలిచినవాడి చూపు ఎలా ఉంటుందో మీకు తెలుసు. లైన్‌మన్ సైకిలు దిగి, చెమట తుడుచుకుంటూ బల్ల మీద కూలబడ్డాడు. "అయితే మిషనే రైటు" అన్నాడు. చేతిలోని కాయితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

తర్వాతి వంతు మామ్మది. ఆయమ్మ పట్టుకొని ఎక్కించింది. నేను లోపలికి పోవాల్సింది. ఎందుకో పోలేదు. గడియారం చేతిలోనే ఉంది. లెక్కపెట్టే ఊపు ఇంకా నోట్లో ఉంది. ఈవిడదీ అంకె రాసుకోమని లోపలికి కేకేశాను. మామ్మ పాదం కిందికి దిగడం, కాసేపు ఆలోచించినట్టు ఆగడం, పైకి లేవడం చూస్తూ నాలో నేనే లెక్కపెట్టాను. నిమిషానికి నలభై ఒకటి.

"ఇప్పుడెంత పెరిగిందమ్మా?" అన్నాను.

"ఎయిటీ టూ."

"ఎంత?"

"ఎనభై రెండు అంకుల్!"

మళ్ళీ లెక్కపెట్టాను. నలభై. లోపల్నించి ఎనభై. అందరికన్నా ముందు లైన్‌మన్‌కే అర్థమయింది.

"బాబూ, మామ్మకి రెండేసి ఏస్తన్నాదేటి మీ మిషను?"

"నాకు తెల్దు నాయినా, నేనేటీ అడగలేదు" అంది మామ్మ సైకిలు మీంచి కంగారుగా.

మళ్ళీ అతన్నే ఎక్కమన్నాను. ఈసారి నెమ్మదిగా తొక్కమన్నాను, మామ్మలాగా. నా లెక్క నలభై అయిదు. తెర లెక్క తొంభై. జోరుగా తొక్కమన్నాను. నా లెక్క డెబ్భై. తెర లెక్క డెబ్భై. అంటే అతను కుంటుతూ నెమ్మదిగా తొక్కినన్నాళ్ళూ మా యంత్రం రెట్టింపు చేసి మెచ్చుకుంది. కాలు బాగుపడి జోరందుకోగానే ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దాన్ని నేను బద్ధకం అన్నాను.

స్క్రూడ్రైవర్ తెచ్చి మూత విప్పాను. చక్రం అంచున ఫ్యాక్టరీవాళ్ళు పెట్టిన నల్లటి అయస్కాంతం ఉంది. దానికి మూడో వంతు చుట్టు దూరంలో, ఎండిపోయిన కుంకం బొట్టు పక్కన, రూపాయంత వినాయకుడు. బీరువా తలుపులకి అంటించుకునే బిళ్ళ. వెనక దిట్టమైన అయస్కాంతం.

ఆయమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనే ఎట్టేను బాబూ. మా ఊరి తీర్తంలో కొట్టుకాడ కొన్నాను. మీరు కరెంటుతో పనిసేత్తన్నారు, మీకేటీ కాకూడదని. సెన్సరుకాడికి ఎల్లొద్దన్నారని దూరంగానే ఎట్టేను."

నిజమే, దూరంగానే పెట్టింది. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. నా క్షేమం కోసం మొక్కిన మనిషిని ఏమని తిట్టేది? అసలు ఆ వినాయకుణ్ణి ఏడు వారాలు దాచింది నేను పెట్టిన మూడో వంతు సెకనే. జోరుగా తొక్కితే ఆయన క్లిక్కు ఆ మూడో వంతు లోపలే పడేది, ప్రోగ్రాం పట్టించుకునేది కాదు. నెమ్మదిగా తొక్కితే గడువు దాటి పడేది, లెక్కలోకి వచ్చేది. రోజూ ఉదయం నేను జోరుగా తొక్కాను. జోరుగా తొక్కేవాళ్ళకి సరిపోతుందని రుజువు చేసుకుంటూ పోయాను. నెమ్మదిగా తొక్కేవాళ్ళ కోసం పెట్టిన యంత్రమది. నూటొకటి, నూటరెండు వచ్చిన రోజుల్లో వినాయకుడు నన్ను ఒకటి రెండుసార్లు పిలిచాడు. తడబాటు అన్నాను.

"చెప్పులిప్పి తియ్యండి బాబూ" అంది ఆయమ్మ. చెప్పులిప్పి తీశాను.

ఆ గంటలోనే డాక్టరమ్మ కొత్త ప్రింటు తీసి, పాత గ్రాఫ్ తప్పని రాసి, సంతకం పెట్టి, లైన్‌మన్ ఆఫీసరుకి ఫోన్ చేసింది. ఇటువైపు మాటలే నాకు వినబడ్డాయి. "కాదు సార్, పేషెంట్ తప్పు కాదు. మా వైపు తప్పు... మెషీన్ కాదు సార్, మేం చూడలేదు" అంది. ఆ చివరిమాట దగ్గర ఆమె నా వంక చూడకుండా కిటికీ వంక చూసింది. నా వంక చూసి ఉంటే అంత బరువనిపించేది కాదు.

సోమవారం లైన్‌మన్ సబ్‌స్టేషన్‌లో చేరలేదు. మంగళవారం స్తంభమెక్కాడు. ఆ కబురు ఆయమ్మ తెచ్చింది.

నేను నా ధర్మం ప్రకారం బోర్డు మీద సవరణ పెట్టాను. శుభ్రమైన అక్షరాలతో, కారణాలతో, ఒక చిన్న బొమ్మతో. నాలుగు రోజులుంది. చదివినవాళ్ళెవరూ లేరు. అందులో ఎవరినీ తిట్టలేదు కదా. మామ్మ ఒక్కతే ఆయమ్మ చేత చదివించుకొని నా గదికి వచ్చింది.

"తాతా, నా ఎనిమిది వందలు నాలుగు వందలైపోయేయట. మిగతాయి ఎవులు తీసుకున్నారు?"

"ఎవరూ తీసుకోలేదు మామ్మా. అవి ముందునుంచీ లేవు."

"మరి అన్నాళ్ళూ నా పేరు పైన రాసేరు. మా కోడలికి సెప్పుకున్నాను. ఇప్పుడు దానికేటి సెప్పమంటారు?"

ఆవిడ వారం తర్వాత నాలుగు వందల నలభై చేసింది. అది చాలా గొప్ప సంగతి. కానీ ఎనిమిది వందలు చూసినవాళ్ళకి అది కంటికి ఆనదు.

లైన్‌మన్ మళ్ళీ క్లినిక్‌కి రాలేదు. అతనికి అవసరం లేదు. రెండు వారాలు చూశాను. బోర్డు మీద సవరణ పెట్టాను కదా, డాక్టరమ్మ ఫోన్ చేసింది కదా, అతని పని అతనికి దక్కింది కదా అని డైరీలో మూడు వాక్యాలు రాసుకున్నాను. మూడూ నిజమే. అయినా పుస్తకం మూయబుద్ధి కాలేదు. "నీ బుద్ధే బాగుపడలేదు" అన్నమాట నేను కంప్యూటర్ని చూసి అనలేదు. అతన్ని చూసి అన్నాను. పదిమంది విన్నారు.

ఒకరోజు క్లినిక్‌కి సెలవు పెట్టి వడ్డాది బస్సెక్కాను. అతను ఎక్కడున్నాడో వెతుక్కోవలసిన పని లేకపోయింది. టీ కొట్టు పక్కన స్తంభం మీదున్నాడు. నడుముకి తాడు, చేతిలో స్పానర్. కింద కరెంటు లేక పది పన్నెండుమంది బల్లల మీద కూర్చొని పైకి చూస్తున్నారు. అతనే నన్ను ముందు చూశాడు.

"ఏటి బాబూ, ఇలగొచ్చేరు?"

"నీతో ఒక మాట చెప్పాలి. దిగాక చెబుతాను."

"లైను ఆపించేను బాబూ, ఇప్పట్లో దిగను. సెప్పండి."

నేను స్తంభానికి దగ్గరగా జరిగి, మెల్లగా, "ఆ రోజు నాదే తప్పు" అన్నాను.

"ఇనబడ్డం నేదు!"

"ఆ రోజు నేనన్నది తప్పు" అన్నాను కొంచెం గట్టిగా.

"ఏ రోజు బాబూ? ఏటన్నారు?"

ఇక తప్పదని తలెత్తి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకొని, మిల్లులో కింద మిషన్ల దగ్గర మాట్లాడవలసి వస్తే అరిచినట్టు అరిచాను. "నీ కాలు బాగుపడింది, బుద్ధి బాగుపడలేదు అన్నాను! అది తప్పు! నువ్వు సరిగ్గానే తొక్కావు! లెక్క తప్పింది నేను! క్షమించు!"

టీ కొట్టులో గ్లాసుల చప్పుడు ఆగింది. "ఏటట, ఏటట?" అని ఎవరో అడిగారు. "పెద్దాయన లెక్క తప్పేరట. మనోడు బాగానే తొక్కేడట" అని ఇంకెవరో చెప్పారు. అది బల్ల చివరిదాకా వెళ్ళింది.

"సరే బాబూ, పక్కకి జరగండి. స్పానర్ జారితే నెత్తిమీద పడద్ది" అన్నాడు పైనుంచి.

ఇరవై నిమిషాల తర్వాత దిగాడు. ఒక్కొక్క మెట్టూ ఆ కాలితోనే ముందు దిగడం గమనించాను. కొట్టులో బల్బు వెలిగింది. నాకు టీ చెప్పి, చేతులు తుడుచుకుంటూ ఎదురుగా నిలబడ్డాడు.

"పైకి అంత వినబడదా నాయనా?" అన్నాను. గొంతు బొంగురుపోయింది.

"మొదటిమాటే ఇనబడింది బాబూ" అన్నాడు. "ఈ బల్లల మీదోళ్ళకే ఇనబడలేదు."